బండి పార్క్ చేశాక హెల్మెట్‌కి తాళం వేయడం ఎలా? స్ట్రాప్‌కి కాదు, డొప్పకి

కోఠిలో పాత పుస్తకాల కోసం బండి ఆపి వెళ్ళాను. ఇరవై నిమిషాలు పట్టి ఉంటుంది. తిరిగొచ్చేసరికి సీటు కింద తాళం వేసింది వేసినట్టే ఉంది. దానికి రెండు ఇనుప రింగులు, వాటికి బెత్తెడు నల్లటి స్ట్రాప్ ముక్క వేలాడుతున్నాయి. హెల్మెట్ లేదు. స్ట్రాప్ చివర ఏటవాలుగా, నున్నగా తెగి ఉంది, ఒక్క పీచు కూడా లేవలేదు. పక్కన పాన్‌డబ్బా అతను వంగి చూసి, "బ్లేడుతోని కోసిండన్నా. తాళం మాత్రం గట్టిదే" అన్నాడు.

ఆ రోజు ఉత్త తలతోనే ఇంటికి వెళ్ళాను. కొన్నాళ్ళకు ఫోన్‌కి చలానా మెసేజ్. తెరిచి చూస్తే ఫోటో కూడా ఉంది, నా బట్టతల తళతళలాడుతూ. కొత్త హెల్మెట్, చలానా కలిపి లెక్కేస్తే ఆ పాత పుస్తకాలు కొత్తవాటికన్నా ఎక్కువ పడ్డాయి.

ఆ తర్వాత ఈ విషయం మీద కాస్త బుర్ర పెట్టాను. తేలిందేమిటంటే, మనం తాళం వేసేది చాలావరకు హెల్మెట్ డొప్పకి, అంటే పైనున్న గట్టి పెంకుకి కాదు, దాని స్ట్రాప్‌కి. స్ట్రాప్ నైలాన్ పట్టీ. అది ప్రమాదంలో లాగుడుకి ఆగుతుంది కానీ కత్తికి ఆగదు. కాబట్టి తాళం కొనేముందు వేసుకోవాల్సిన ప్రశ్న "ఎంత గట్టిది?" అని కాదు, "దేన్ని పట్టుకుంటుంది?" అని. ఈ వ్యాసమంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

చట్టం సంగతి ఒక్క మాటలో. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ప్రకారం తలపాగా కట్టుకున్న సిక్కులు తప్ప నాలుగేళ్ళు దాటిన ఎవరైనా, నడిపేవారైనా వెనక కూర్చున్నవారైనా, హెల్మెట్ పెట్టుకోవాలి. 2019 సవరణలో చేర్చిన 194డి సెక్షన్ 1,000 రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు మీద అనర్హత అంటోంది. అంటే హెల్మెట్ పోతే పోయింది హెల్మెట్ ఒక్కటే కాదు, ఇంటికి వెళ్ళే దారి కూడా. ఇప్పుడు ఇద్దరికీ రెండు హెల్మెట్లు కాబట్టి మోసుకు తిరగడమూ కుదరదు. సినిమా హాల్లో ఒళ్ళో ఒకటి, కాళ్ళ దగ్గర ఒకటి పెట్టుకుని చూసినవాళ్ళకు నేను చెప్పేది తెలుస్తుంది.

ముందు ఎవరి నుంచి కాపాడుకుంటున్నాం?

హెల్మెట్ ఎత్తుకెళ్ళేవాళ్ళు మూడు రకాలు. మొదటివాడు నడుస్తూ నడుస్తూ చేతికి అందింది తీసుకుపోతాడు. వాడి హెల్మెట్ పోయిందని మీది తీసుకునేవాడూ ఇందులోనే. వీడికి ఏ చిన్న తాళమైనా చాలు, పక్క బండి వైపు చూస్తాడు. రెండోవాడి జేబులో బ్లేడు ఉంటుంది. మూడోవాడి సంచిలో కటింగ్ ప్లేయరో, కట్టరో ఉంటుంది. మూడోవాణ్ణి పూర్తిగా ఆపే తాళం బండికి తగిలించుకుని తిరగడం అయ్యే పని కాదు. అంత పనిముట్లున్నవాడు హెల్మెట్ కోసం రాడు, బండి కోసం వస్తాడు. మన పని మొదటి ఇద్దరితోనే.

ఇంకొక పోరు కూడా ఉంది, అది మనతోనే. దొంగ ఎత్తుకెళ్ళకుండా మనమే పాడు చేసుకుంటున్న హెల్మెట్లు ఎన్నో.

తగిలించకూడని చోట్లు

రోడ్డు మీద పది బళ్ళు చూడండి, సగానికి హెల్మెట్ అద్దానికి బోర్లించి ఉంటుంది. చూడ్డానికి హెల్మెట్ కోసమే చేసిన కొక్కెంలా ఉంటుంది అద్దం. హెల్మెట్ లోపల బట్ట కింద ఉండేది గట్టి థర్మాకోల్. దెబ్బ తగిలినప్పుడు అది నలిగి ఆ దెబ్బను తను మింగేస్తుంది, అదే దాని పని. ఒకసారి నలిగిన చోట మళ్ళీ ఉబ్బదు. కిలో, కిలోన్నర బరువున్న హెల్మెట్‌ను రోజూ అద్దం అంచు మీద మోపితే ఆ అంచు దిగబడేది సరిగ్గా మీ నడినెత్తి దగ్గర. అనుమానముంటే లోపలి బట్ట తీసి వేలితో తడిమి చూడండి. నా మొదటి హెల్మెట్‌లో బొటనవేలు పట్టేంత గుంట దొరికింది. పైగా అద్దం కాడ వదులై, బండి నడుపుతుంటే నెమ్మదిగా కిందికి తిరుగుతుంది.

ట్యాంకు మీద పెట్టడం రెండో అలవాటు. సైడ్ స్టాండ్ మీద బండి ఎడమకి వాలి ఉంటుంది, గుండ్రటి వస్తువు ఎటు దొర్లుతుందో చెప్పక్కర్లేదు. ఖాళీ హెల్మెట్ సీటు ఎత్తు నుంచి ఒక్కసారి పడితే పనికిరాకుండా పోయిందని కాదు. కానీ రోజూ పడేది వేరు. ట్యాంకుతో ఇంకో చిక్కు పెట్రోలు. చిన్నప్పుడు పెట్రోల్లో థర్మాకోల్ వేసి జిగురు చేసినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ముక్క ఎలా కరిగి మాయమవుతుందో. మీ తల చుట్టూ ఉన్నదీ అదే సరుకు. పెట్రోలు కారే మూత దగ్గర, పెట్రోలు తుడిచిన గుడ్డ పెట్టే డిక్కీలో హెల్మెట్ ఉంచొద్దు.

కుడివైపు కింద వేలాడదీస్తే చాలా బళ్ళకు సైలెన్సర్ అటే ఉంటుంది. ఆపిన వెంటనే అది కాలుతూ ఉంటుంది, ప్లాస్టిక్ డొప్ప ఆనితే బుడగలా లేస్తుంది. క్లచ్ లివర్‌కి, హ్యాండిల్ చివరకి తగిలించడం తాళం కిందికి రాదు, దాని గురించి ఎక్కువ చెప్పను.

మొదటి అడుగు: మీ బండిలోనే తాళం ఉందేమో చూడండి

కొనబోయే ముందు ఇంట్లో ఉన్నది వెతకాలి. బండితో ఇచ్చిన పుస్తకం ఎక్కడో బీరువాలో ఉంటుంది, అందులో హెల్మెట్ హోల్డర్ అన్న మాట కోసం చూడండి. రెండు రకాలు ఉంటాయి. ఒకటి బయటే, సాధారణంగా ఎడమవైపు సీటు కింద, తాళంచెవి పెట్టి తిప్పితే తెరుచుకునే చిన్న కొక్కెం. రెండోది సీటు తీస్తే కనపడే మేకులాంటి ముక్కు. హెల్మెట్ రింగు దానికి తగిలించి సీటు మూస్తే రింగు ఇక బయటికి రాదు. ఏళ్ళ తరబడి బండి నడుపుతూ ఆ ముక్కు ఎందుకో తెలియనివాళ్ళు నాకు తెలుసు. మా తమ్ముడైతే దానికి బండి కాగితాల కవరు తగిలించుకున్నాడు.

వాడేటప్పుడు ఇలా చేయండి. సీటు తీసి, రింగు ముక్కుకి చివరిదాకా ఎక్కించండి. స్ట్రాప్ మెలిక పడకుండా, సీటు అంచు కింద రెండు పొరలుగా నలగకుండా సరిచేయండి. తర్వాత సీటు వెనక భాగాన్ని అరచేత్తో నొక్కి, టక్‌మన్న చప్పుడు విని, ఒకసారి పైకి లాగి చూడండి. స్ట్రాప్ మందం వల్ల సీటు లాక్ సగమే పడటం మామూలే. అప్పుడు హెల్మెట్‌తో పాటు సీటు కింది సామాను కూడా దొంగకి అప్పజెప్పినట్టే.

ఇది మొదటి రకం దొంగకి సరిపోతుంది. కానీ పట్టుకున్నది స్ట్రాప్‌నే, కోఠిలో నాకు జరిగింది దీనితోనే. టీ తాగేంతసేపు, కళ్ళ ముందు ఉన్నంతసేపు దీన్ని వాడండి, అంతకు మించి వద్దు. అలా తగిలించి ఉంచి బండి నడపడం అసలే వద్దు. వేలాడే హెల్మెట్ వెనక చక్రానికో, పక్క బండికో తగులుకుంటే పడేది మీరే.

రెండో అడుగు: మీ స్ట్రాప్ ఏ రకమో తెలుసుకోండి

చిన్న విషయంలా ఉంటుంది కానీ చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. స్ట్రాప్ చివర డి ఆకారంలో రెండు ఇనుప రింగులు ఉంటే అదృష్టం. రింగులు కుట్టిన పట్టీ డొప్పకి రివెట్‌తో బిగించి ఉంటుంది, రెండు రింగులూ కలిపి తగిలించొచ్చు.

మన దగ్గర ఎక్కువ హెల్మెట్లకు ఉండేది టక్‌మని పడే బకిల్. దానికి రింగు ఉండదు. కాబట్టి జనం బకిల్ పెట్టేసి, ఆ స్ట్రాప్ వలయాన్ని కొక్కేనికి తగిలించి తాళం వేస్తారు. తాళం పడింది, నిజమే. కానీ బకిల్ మీది ఎర్ర మీట నొక్కితే? వలయం విడిపోయి హెల్మెట్ చేతికొస్తుంది. బ్లేడు కూడా అక్కర్లేదు. ఇప్పుడే లేచి వెళ్ళి మీ హెల్మెట్ మీద ప్రయత్నించి చూడండి, రెండు సెకన్ల పని. బకిల్ రకం అయితే సీటు కొక్కెం మీద ఆశ వదులుకుని నేరుగా కేబుల్‌కి వెళ్ళడం మంచిది.

మూడో అడుగు: కేబుల్ లాక్ ఎంచుకోవడం

కేబుల్ లాక్ అంటే ప్లాస్టిక్ తొడుగు వేసిన ఉక్కు తీగల తాడు, చివర తాళం. సైకిల్ షాపుల్లో, బండి స్పేర్ పార్టుల షాపుల్లో, సికింద్రాబాద్ రాణిగంజ్ వైపు హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతుంది. ఆన్‌లైన్‌లో కన్నా చేత్తో పట్టుకుని కొనడానికే నా ఓటు, ఎందుకో చెబుతాను.

డబ్బా మీద 12 ఎంఎం అని ఉంటుంది. అది తొడుగుతో కలిపి. లోపల ఉక్కు దానిలో సగం కూడా ఉండకపోవచ్చు. తాళం దగ్గర తొడుగు ఆగిపోయే చోట తీగ కనిపిస్తుంది, అక్కడ చూడండి. రెండు చేతులతో వంచండి. తోటకి నీళ్ళు పట్టే పైపులా తేలిగ్గా వంగిపోతే లోపల ఎక్కువ సరుకు లేదు. మొండిగా వంగి, వదలగానే వెనక్కి తన్నితే మంచిది. జేబులో పట్టే చిన్న డబ్బీలోంచి లాగితే సన్నటి తీగ వచ్చే రకం కూడా అమ్ముతారు. కర్రీ పాయింట్ దగ్గర రెండు నిమిషాలు ఆగడానికి సరే, సినిమాకి పనికిరాదు.

పొడవు కొలవడానికి ఇంట్లో పురికొస చాలు. హెల్మెట్‌ను మీరు ఉంచదలచిన చోట పెట్టి, పురికొసను దాని గడ్డం భాగం చుట్టూ, బండి కడ్డీ చుట్టూ తిప్పి కలపండి. దానికి జానెడు కలుపుకోండి. ఒక హెల్మెట్‌కి రెండున్నర, మూడు అడుగులు సరిపోతుంది, రెండింటికి నాలుగు. ఎక్కువ పొడవు తీసుకుంటే పనికొస్తుందిలే అనుకుంటాం కానీ, వదులుగా ఉన్న కేబుల్‌తో హెల్మెట్ నేలకి జారి బురదలో కూర్చుంటుంది. ఊరకుక్కలు దాని పక్కన కాలెత్తడం నేను కళ్ళారా చూశాను. ఆ హెల్మెట్ నాది కాదు, అదొక్కటే ఊరట.

తాళంచెవి రకమా, నంబర్ రకమా? నాకు నంబర్ ఇష్టం, చెవి పోయే భయం లేదు. కాకపోతే చీకట్లో అంకెలు కనపడవు, ఫోన్ లైట్ వేసుకోవాలి. చెవి రకం తీసుకుంటే ఒకటి బండి తాళాల గుత్తికి, రెండోది ఇంట్లో. రెండూ ఒకే గుత్తికి వేసి పోగొట్టుకోకండి.

కొన్నాక చేయాల్సిన పని ఒకటుంది. పంక్చర్ షాపులో పాత సైకిల్ ట్యూబు అడిగితే ఊరికే ఇస్తారు. జానెడు ముక్క కోసి కేబుల్‌కి తొడగండి. హెల్మెట్‌కి, బండి రంగుకి గీతలు పడవు.

నాలుగో అడుగు: బండి మీద దేనికి కట్టాలి?

సూత్రం ఒకటే. కేబుల్ వేసిన కడ్డీ రెండు వైపులా మూసుకుని ఉండాలి, గాజులా. ఒక కొస తెరిచి ఉంటే తాళం తీయకుండానే కేబుల్ జారుతుంది.

మన బళ్ళకున్న గొప్ప సదుపాయం శారీ గార్డ్. వెనక చక్రంలో చీర కొంగు పడకుండా పెట్టిన ఆ ఇనుప చట్రం ఎడమవైపు ఉంటుంది, సైలెన్సర్‌కి దూరం, అన్ని వైపులా మూసి ఉంటుంది. స్టైల్‌గా లేదని విప్పి పక్కన పడేసేవాళ్ళు ఈ ఒక్క ఉపయోగం కోసమైనా మళ్ళీ ఆలోచించాలి. దాన్ని బోల్టులు విప్పి తీయొచ్చు, నిజమే, కానీ స్పానర్ పెట్టి నడిరోడ్డు మీద కూర్చునే ఓపిక మన మొదటి ఇద్దరు దొంగలకు ఉండదు.

వెనక కూర్చునేవాళ్ళు పట్టుకునే గ్రాబ్ రైల్ ఇంకా బాగుంటుంది. కొన్ని బళ్ళకు అది రెండు ముక్కలుగా, చివర తెరిచి ఉంటుంది, చూసుకోండి. ముందు లెగ్ గార్డ్ గట్టిదే కానీ బురద, ఇంజను వేడి రెండూ దాని దగ్గరే. వెనక ఫుట్‌రెస్ట్‌కి కట్టొద్దు, మడిస్తే జారిపోతుంది. అద్దం కాడను విప్పి తీసేయొచ్చు. షాక్ అబ్జార్బర్ స్ప్రింగుకి వద్దు, బండి కదిలితే కేబుల్ నలుగుతుంది.

చక్రం ఆకుల్లోంచి మాత్రం ఎప్పుడూ వేయకండి. బండికీ హెల్మెట్‌కీ కలిపి ఒకే తాళం అన్న తెలివి నాకూ వచ్చింది. ఒకరోజు ఆదరాబాదరాగా వచ్చి, హెల్మెట్ సంగతి మరిచి, బండి స్టార్ట్ చేసి కదిలించాను. అడుగు కూడా వెళ్ళలేదు కాబట్టి ఒక ఆకు వంగడంతో పోయింది.

ఐదో అడుగు: తాళం వేసే క్రమం

గ్రాబ్ రైల్, ఫుల్ ఫేస్ (గడ్డం కూడా కప్పే) హెల్మెట్ అనుకుందాం.

1. సైడ్ స్టాండ్ వేసి, హ్యాండిల్ ఎడమకి తిప్పి లాక్ చేయండి. ముందు బండి, తర్వాతే హెల్మెట్.

2. బ్లూటూత్ ఇంటర్‌కామ్ ఉంటే తీసి జేబులో వేసుకోండి. హెల్మెట్ కన్నా దాని మీదే కన్ను పడుతుంది.

3. వెనక సీటు మీద హెల్మెట్‌ను నిటారుగా కూర్చోబెట్టండి, ముఖం వెనక్కి తిరిగి, గడ్డం భాగం గ్రాబ్ రైల్‌ వైపు వచ్చేలా. నెత్తి ఆకాశం వైపు ఉంటుంది కాబట్టి వాన పడినా లోపలికి పెద్దగా పోదు.

4. వైజర్, అంటే గ్లాసు, పూర్తిగా ఎత్తండి. కేబుల్ కొసను ముఖం వైపు నుంచి లోపలికి పంపి, మెడ వైపు నుంచి కిందికి లాగండి. ఇప్పుడు కేబుల్ గడ్డం ముందున్న దిమ్మ చుట్టూ తిరిగి ఉంటుంది. ఆ దిమ్మ డొప్పలో భాగం, బ్లేడు దాన్ని ఏమీ చేయలేదు.

5. ఊగులాడే స్ట్రాప్‌లోంచి కూడా ఒక చుట్టు తీసుకుంటే స్ట్రాప్ చక్రం వైపు జారదు.

6. కేబుల్‌ను రైల్ చుట్టూ తిప్పి, పాత ట్యూబు ముక్క హెల్మెట్ మీద పడేలా జరిపి, కొసలు కలిపి తాళం వేయండి.

7. గ్లాసు దించండి, కానీ పూర్తిగా మూయడానికి ప్రయత్నించకండి. కింద కేబుల్ ఉంది కాబట్టి వేలెడు సందు ఉంటుంది. బలవంతంగా నొక్కితే పక్కనున్న చిన్న ప్లాస్టిక్ పళ్ళు విరుగుతాయి, గ్లాసు అంచు మీద గీత పడుతుంది. నాలుగొందల గ్లాసు అలా పోగొట్టుకున్నాకే నాకు తెలిసింది.

8. నంబర్ లాక్ అయితే అంకెలన్నీ అటూ ఇటూ తిప్పేయండి. చాలామంది ఒక్క చక్రాన్ని ఒక్క గడి జరిపి వెళ్ళిపోతారు. పిల్లాడు ఆడుకుంటూ తెరిచేస్తాడు.

9. చివరగా హెల్మెట్‌ను పట్టుకుని ఒక గుంజు గుంజండి. మీరే దొంగ అనుకుని.

మొదటిసారి రెండు నిమిషాలు పడుతుంది. వారం తిరిగేసరికి చూడకుండా చేసేస్తారు.

గడ్డం పైకి లేచే మాడ్యులర్ హెల్మెట్‌కీ ఇదే పద్ధతి. గడ్డం ఎత్తినా రెండు పక్కలా కీళ్ళు డొప్పనే పట్టుకుని ఉంటాయి, వలయం తెగదు. హాఫ్ ఫేస్‌కి మాత్రం నా దగ్గర మంచి జవాబు లేదు. గడ్డం దిమ్మే లేదు, పట్టుకోవడానికి స్ట్రాప్ తప్ప ఏమీ ఉండదు. డిక్కీలో పెట్టండి, లేదా వెంట తీసుకెళ్ళండి.

రెండు హెల్మెట్లుంటే ఒకే కేబుల్ రెండు గడ్డాల్లోంచీ పంపండి. ఖరీదైనది లోపలికి, సీటు మీద. బండితో పాటు షోరూమ్‌వాళ్ళు ఇచ్చినది బయటికి.

స్కూటర్లవాళ్ళకి

మీ పని సులువు, డిక్కీ ఉంది. కాకపోతే అన్ని డిక్కీలూ ఒకటి కాదు. యాక్టివాకి 18 లీటర్లు, అందులో హాఫ్ ఫేస్ హాయిగా పడుతుంది, ఫుల్ ఫేస్ సంగతి దాని సైజును బట్టి. జూపిటర్ 125కి 33 లీటర్లు, ఏథర్ రిజ్టాకి సీటు కింద 34, కాబట్టి వాటితో గొడవ లేదు. చిన్న డిక్కీ అయితే హెల్మెట్‌ను వెల్లకిలా, నెత్తి కిందికి పెట్టి, ముఖాన్ని ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. ఒక వైపు పట్టనిది ఇంకో వైపు పడుతుంది. సీటు తనంతట తాను దిగకపోతే మీద కూర్చుని మూయకండి. విరిగేది సీటు లాక్ అయినా కావచ్చు, గ్లాసు అయినా కావచ్చు.

పెట్రోల్ స్కూటర్ డిక్కీ ఇంజను మీదే ఉంటుంది. దూరం నడిపి ఆపాక చెయ్యి పెట్టి చూస్తే పెనంలా ఉంటుంది. ఎండాకాలం మధ్యాహ్నం కాసేపు సీటు తెరిచి ఉంచి, తర్వాత హెల్మెట్ పెట్టండి.

డిక్కీవాళ్ళందరికీ ఒక రోజు వస్తుంది. ఒక చేత్తో హెల్మెట్, ఇంకో చేత్తో కూరగాయల సంచి, తాళాలు ఒక్క క్షణం డిక్కీలో పెట్టి, సీటు టక్‌మని పడుతుంది. తాళాలు లోపల. దీనికి ఒకటే మందు, సీటు మూసే చేతిలోనే తాళాలు ఉండాలి. నేను పక్కవాళ్ళకు వినబడేలా "తాళాలు" అని పైకే అనుకుంటాను. నవ్వుతారు, నవ్వనీ.

డిక్కీలో పట్టకపోతే స్కూటర్‌కీ కేబులే గతి, వెనక గ్రాబ్ రైల్‌కి. ముందు సంచులు తగిలించే కొక్కెం తాళం కాదు.

స్టాండు, గుడి, సముద్రం

రైల్వే స్టేషన్, బస్టాండ్ స్టాండుల్లో చాలాచోట్ల హెల్మెట్‌కి వేరే డబ్బులు తీసుకుని టోకెన్ ఇస్తారు. రెండు మూడు రోజులు ఊరెళ్తుంటే అదే మంచిది, కేబుల్ మీద ఆధారపడొద్దు. టోకెన్‌ను బండి చీటీతో కలిపి ఫోటో తీసుకోండి. "ఏం గాదన్నా, బండి మీదనే పెట్టున్రి, మేం చూస్కుంటం" అని చీటీ లేకుండా అనేవాళ్ళ మాట కూడా నమ్మాను ఒకసారి. తిరిగొస్తే డ్యూటీలో వేరే ఆయన ఉన్నాడు.

తిరుమల, శ్రీశైలం వెళ్ళేవాళ్ళు దొంగల కన్నా కోతుల గురించి ఆలోచించాలి. వాటికి తాళం పట్టదు, లోపలి స్పాంజి, బట్ట పీకి పడేస్తాయి. అక్కడ కేబుల్ వేసినా హెల్మెట్‌ను మందపాటి సంచిలో పెట్టి వేయాలి, లేదా లోపలి మెత్త విప్పి వెంట తీసుకెళ్ళాలి. ఆ సంచిలో తినే వస్తువు వాసన కూడా ఉండకూడదు.

విశాఖ, కాకినాడలాంటి సముద్రపు ఊళ్ళలో ఉప్పు గాలికి తాళం నెలల్లోనే తుప్పు పడుతుంది. తొడుగు చిరిగిన చోట నుంచి తీగలోకి తుప్పు పాకుతుంది, బయటికి కనపడదు. చిరుగు కనపడగానే ఇన్సులేషన్ టేపు చుట్టండి.

వానాకాలంలో బయట వదిలిన హెల్మెట్‌ను తలకి పెట్టుకునేముందు తిప్పి, తట్టి, లోపల చూడండి. చీమలు మామూలే, తేలు, పాము పిల్ల దూరే వీలూ ఉంది. పల్లెల్లో చెట్టు కింద బండి పెట్టేవాళ్ళకు ఇది మరీ ముఖ్యం.

నంబర్ పెట్టడం, తాళం మొరాయిస్తే విప్పడం

కొత్త నంబర్ లాక్ సాధారణంగా 0000 మీద వస్తుంది. తాళం తెరిచి ఉన్నప్పుడు పక్కనున్న మీటనో, గొట్టాన్నో తిప్పి ఉంచి, మీ అంకెలు పెట్టి, మళ్ళీ వెనక్కి తిప్పాలి. ఏ మోడల్‌కి ఏ మీటో కాగితంలో ఉంటుంది. కొత్త నంబర్‌తో ఇంట్లో మూడుసార్లు మూసి తెరిచాకే బండికి వేయండి. మీ బండి నంబర్ ప్లేట్ చివరి నాలుగు అంకెలు మాత్రం పెట్టకండి. తాళం పక్కనే జవాబు రాసి పెట్టినట్టు ఉంటుంది.

చెవి రకానికి రెండు నెలలకోసారి చెవి రంధ్రంలో పెన్సిల్ ముల్లు పొడి కాస్త ఊదండి. కొబ్బరినూనె పోసేవాళ్ళున్నారు, రెండు రోజులు బాగుంటుంది, తర్వాత దుమ్ము పట్టి జిగురవుతుంది. పూర్తిగా పట్టేసిందంటే కుట్టు మిషన్ నూనె రెండు చుక్కలు వేసి, పది నిమిషాలు ఆగి, చెవిని కొద్దికొద్దిగా అటూ ఇటూ ఆడించండి. గట్టిగా తిప్పితే చెవి లోపలే విరుగుతుంది.

నంబర్ లాక్ రాకపోతే ఎక్కువసార్లు కారణం కేబుల్ బిగుతుగా లాగి ఉండటమే. తాళం వైపు కేబుల్‌ను కొంచెం లోపలికి తోసి, వదులు చేసి, అప్పుడు అంకెలు సరిగ్గా గీత మీదికి తెండి. అప్పటికీ రాకపోతే పక్కనున్న మెకానిక్ దగ్గర కట్టర్ ఉంటుంది. పిలిచేముందు బండి ఆర్సీ ఫోన్‌లో తెరిచి పెట్టుకోండి, ఎందుకంటే చుట్టూ ఉన్నవాళ్ళకు మీరు ఆ హెల్మెట్ సొంతదారులా కనిపించరు. మెకానిక్ కట్టర్ వేసినప్పుడు ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. తర్వాతి కేబుల్ ఎంత మందంలో కొనాలో అప్పుడు తెలుస్తుంది.